మీవాళ్ళలో ఒకరు

గోదావరి దాటించే పంటు ఇంకా అవతల సఖినేటిపల్లి ఒడ్డునే ఉంది. మోటారు సైకిళ్ళు దిగుతున్నాయో ఎక్కుతున్నాయో ఇక్కణ్ణించి తెలియడం లేదు, అన్నీ నల్లటి చుక్కల్లా కదులుతున్నాయి, గోదావరి మీద ఎండ రేకులా పరుచుకుని అటు చూస్తే కళ్ళు మూతపడుతున్నాయి. మాధవాయిపాలెం రేవులో, టికెట్లిచ్చే షెడ్డుకి ఎదురుగా, ఎవరి కంటా పడకూడదనుకుంటూనే అందరికీ కనిపించే చోట కారు ఆపుకుంది మంజుష. అద్దం సగం దించింది, మళ్ళీ ఎత్తింది. టీ కొట్టు ముందు గళ్ళ చొక్కా మనిషి ఒకడు గ్లాసు ఖాళీ అయిపోయాక కూడా దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఖాళీ గ్లాసు పట్టుకుని ఎవరైనా ఎందుకు నిలబడతారు. తనవైపు చూస్తున్నాడా, తన వెనక ఆగిన కొబ్బరికాయల వ్యాను వైపా. వీరవాసరం దాకా వెనకే వచ్చిన తెల్ల స్కూటరు ఆ తర్వాత కనపడలేదు, కనపడకపోవడమే మంచిది కాదేమో, చూశానని గ్రహించి దూరం జరిగాడేమో. ఫోన్లో లొకేషన్ ఆపేసింది. ఆపేశాక, ఆపినట్టు కూడా ఎవరికైనా తెలుస్తుందా అని సందేహం వచ్చింది.

ఫోన్ చేసిన ఆ పిల్ల గొంతు చాలా మర్యాదగా ఉంది, అదే మొదటి అనుమానం. "మంజుష గారాండి, నా పేరు వెంకటదుర్గండి, మిమ్మల్ని ఒక్కసారి కలవాలండి, పాట గురించండి." ఏ పాట అని అడిగితే, మీ పాటేనండి, ఉప్పు పాట అంది. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అనలేదు. మంజుషకి పాటలున్నాయనే సంగతి ఈ భూమ్మీద ఎవరికి తెలుసు, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాళ్ళలో ఏ ఒక్కరితోనూ తనకి మాటల్లేవు. నంబరు ఎవరిచ్చారమ్మా అంటే, కలిసినప్పుడు చెప్తానండి అంది. ఫోన్లో చెప్పకూడని పేరా అది. ఇంటికి వస్తానంటే వద్దంది తను. రాజోలు కాలేజీలో చదువుతున్నాననీ రోజూ పంటు మీదే ఇంటికి పోతాననీ ఆ పిల్ల చెప్పింది కాబట్టి రేవు దగ్గరైతే సరేనంది. ఒప్పుకున్న మరుక్షణం నుంచీ, ఒప్పుకునేలా చేశారేమో అనిపించడం మొదలైంది. డబ్బు అడుగుతారా. వీడియో తీస్తారా. రొయ్యల చెరువుల శ్రీనివాసరాజు గారి భార్య, ఒకప్పుడు రొయ్యల చెరువుల్నే తిడుతూ స్టేజీ ఎక్కి అరిచిందని ఏ యూట్యూబు వాడికో చెప్తే వాడు వారం రోజులు తింటాడు దాని మీద.

పొద్దున ఇడ్లీ పెడుతుంటే శ్రీనివాసరాజు అడిగాడు. పెళ్ళయిన నాటినుంచీ భార్యని మీరనే అంటాడు, వాళ్ళిళ్ళలో అందరూ అంతే, కోపం వచ్చినా ఆ అండీ పోదు, అందుకే కోపం వచ్చిందో లేదో కనిపెట్టడం కష్టం. "నర్సాపురం దేనికండి?" అన్నాడు. లేసు టేబుల్‌క్లాత్‌లు చూసొస్తానని చెప్పింది. "ఎండగా ఉంది, డ్రైవర్ని తీసుకెళ్ళండి," అన్నాడు. తనే నడుపుకుంటానంది. "జాగ్రత్తండి," అన్నాడు. అంతే. కానీ జాగ్రత్త అనే ముందు చట్నీ వైపు చూశాడు. చట్నీలో ఏముంది చూడ్డానికి. తన ఫోన్లోకొచ్చిన ఉప్పు పాట వీడియో ఆయనకీ వచ్చి ఉంటుంది. చెరువులవాళ్ళ గ్రూపుల్లో అలాంటివి ముందుగా తిరుగుతాయి, ఎక్కడ ఏ ఊళ్ళో ఎవరు కూర్చున్నారు, ఎవరు అర్జీ పెట్టారు అని. వచ్చి ఉంటే, విని ఉంటే, ఆ పాట మొదట ఎవరి గొంతుదో ఆయనకి తెలుసా. తెలిసే అవకాశం లేదు. ఆయన ఎదుట తను ఒక్కసారి కూడా అరవలేదు. పిల్లలు పుట్టినప్పుడు కూడా పళ్ళబిగువునే ఉంది.

ఆ వీడియోలో గొంతు ఆమెది కాదు. అసలు అదే వింత. ఆడపిల్లలు, పది పన్నెండు మంది, మొగల్తూరు అవతల చెరువు గట్ల మధ్య ఒక ఊరి మంచినీళ్ళ ట్యాంకు కింద నిలబడి, ఖాళీ ప్లాస్టిక్ బిందెలు బోర్లించి దరువేస్తూ అరుస్తున్నారు. పాడటం లేదు, అరుస్తున్నారు. ఎవడిదిరా ఉప్పు, ఎవడిదిరా ఉప్పు, మా బిందెలోకొచ్చింది ఎవడిదిరా ఉప్పు. వంటింట్లో నిలబడి చూసి, ఫోను బోర్లించి, మళ్ళీ తిప్పి చూసింది. ఆ వేగం తమదే, ఆ ఆగడం తమదే, ఉప్పు అన్నాక ఊపిరి పీల్చుకోకుండా మీదపడే రెండో వరస తమదే. ఆ పాట ఒక లాప్‌టాప్ లోనూ, చేత్తో పేరు రాసిన నాలుగైదు సీడీల్లోనూ తప్ప ఎక్కడా లేదు. తన సీడీ తనే విరిచేసింది. మరి ఎవరిచ్చారు. బ్యాండులో మిగతా ముగ్గురిలో ఎవరు.

నలుగురూ ఇంజనీరింగ్ చదివే రోజులవి. బాబాయి కొడుకు చైతన్య సెలవులకి బెంగళూరు వెళ్ళి ఒక హార్డ్‌డిస్కు నిండా పాటలు తెచ్చాడు, పంక్ అంటారు, అందులోనూ మరీ మొరటు రకం, హార్డ్‌కోర్ అంటారు, పాట మొదలైందని తెలిసేలోపు అయిపోతుంది. వీటికి సంగీతం రానక్కర్లేదు చెల్లాయ్, కోపం ఉంటే చాలు అన్నాడు. వాడికి గిటార్ ఉంది. బేస్ గిటార్ వాయించడానికి క్లాసులో అనిల్ కుమార్ దొరికాడు, అప్పటిదాకా చర్చిలో వాయించేవాడు, చెరువుల పక్క ఊరివాడు. డ్రమ్స్‌కి పల్లంరాజు, భీమవరం ఆటో స్టాండు వెనక సందులో ఇల్లు, పెళ్ళి మేళాలతో పెరిగినవాడు, అతని చేతులు ఊరికే ఉండేవి కావు, కాంటీన్ బల్ల మీద కూడా. అన్న వెంట ఉంటాడు కాబట్టి తనని పంపేవారు. నాన్నగారి చెరువుల దగ్గర జనరేటర్ షెడ్డులో వాయించుకునేవారు, చీకటి పడే వేళ చెరువుకి గాలి పట్టించే ఏరేటర్లన్నీ తిరుగుతూ నీళ్ళని చితక్కొడుతుంటాయి, జనరేటర్ గుర్రుమంటుంటుంది, ఆ హోరులో ఎంత అరిచినా పక్క గట్టు మీద మనిషికి వినపడదు. అందుకే బ్యాండుకి ఏరేటర్ అని పేరు పెట్టుకున్నారు. ఎక్కువ కాలం బతకలేదు అది, ఒక వానాకాలం, ఒక చలికాలం. అందులోనే అన్నీ అయిపోయాయి.

మొదటిసారి మైకు ముందు నిలబడ్డప్పుడు గొంతులోంచి ఏమీ రాలేదు. గట్టిగా నవ్వితే మేనత్తలు తల తిప్పి చూసే ఇల్లు, సావిట్లోకి ఆడవాళ్ళ మాట వినపడటమే తప్పనుకునే ఇల్లు. అనిల్ కుమార్ అప్పుడు ఏమీ అనకుండా తను రాసుకొచ్చిన కాగితం ఇచ్చాడు. వాళ్ళమ్మ మంచినీళ్ళ కోసం పక్క ఊరికి నడిచే సంగతి, వాళ్ళ బావిలో చారల చారలుగా ఉప్పు కట్టిన సంగతి, ఆ ఉప్పు ఏ చెరువుల్లోంచి ఊరి వస్తోందో ఆ సంగతి. చదివి తలెత్తి చూసింది. షెడ్డు బయట ఉన్న చెరువులు ఎవరివో అతనికి తెలుసు, తనకీ తెలుసు. నీకిష్టం లేకపోతే వద్దులెండి అన్నాడు, నువ్వు అనాలో మీరు అనాలో తెలియక రెండూ కలిపేశాడు. ఇష్టమో కాదో తెలియలేదు. నోరు తెరిస్తే ఆ అరుపు వచ్చింది, ఎక్కడినుంచి వచ్చిందో, కడుపులోంచి, అరికాళ్ళలోంచి, అరిచాక చెవులు గింగురుమన్నాయి, పల్లంరాజు పుల్లలు కింద పెట్టి, అమ్మో అని గుండె మీద చెయ్యి వేసుకుని నవ్వాడు. ఆ నవ్వు గుర్తుకొస్తే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది. వెంటనే, ఆ నవ్వులో ఏమైనా ఉందా అని కూడా అనిపిస్తుంది. అప్పట్లో అలా అనిపించేది కాదు.

కాలేజీ ఫంక్షన్‌లో వాళ్ళకి ఇచ్చింది కాసేపు, రికార్డింగ్ డాన్సుకీ మిమిక్రీకీ మధ్య. ఒక పాట అయింది, కింద కూర్చున్నవాళ్ళు నవ్వాలో ఈల వేయాలో తెలియక చూస్తున్నారు, రెండోది ఉప్పు పాట, ఎవడిదిరా అనేలోపు మైకు చచ్చిపోయింది, గిటార్లు చచ్చిపోయాయి, స్టేజీ లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి, అంటే కరెంటు పోలేదు, ఎవరో ఆపించారు. కిందికి దిగేసరికి నాన్నగారు ప్రిన్సిపాల్ గదిలోంచి వస్తున్నారు, తెల్ల చొక్కా ఇస్త్రీ నలక్కుండా. సత్యనారాయణరాజు గారు జీవితంలో గొంతు పెంచిన మనిషి కాదు. కారెక్కమన్నారు, ఎక్కింది. ఉండి ఊరు దాటాక, రోడ్డు వైపే చూస్తూ, మామూలుగా అన్నారు, "నేనేం వెతుక్కుంటూ రాలేదమ్మా. మీవాళ్ళలో ఒకరే వచ్చి చెప్పారు." ఎవరు నాన్నగారూ అంది. "ఎవరైతే ఏముందమ్మా," అన్నారు. అంతకు మించి తిట్లేదు, కొట్లేదు, చదువు మాన్పించలేదు. సంబంధాలు చూడ్డం మొదలుపెట్టారు, అది ఎలాగూ మొదలుపెట్టేవారే.

మర్నాడు కాలేజీలో ముగ్గురూ ఎదురుపడ్డారు. ముగ్గురి మొహాల్లోకీ చూసింది. చైతన్య కళ్ళు తిప్పుకున్నాడు, బాబాయి చేతిలో దెబ్బలు తిన్నాడు కాబట్టా, చెప్పింది వాడే కాబట్టా. వాడు సెమిస్టరు అవగానే హైదరాబాద్ వెళ్ళిపోయాడు, గిటార్ అమ్మేశాడు, ఇప్పుడు పెళ్ళిళ్ళలో కలిస్తే మన పిల్లచేష్టలు అని నవ్వి ప్లేటు పట్టుకుని ఇంకో వైపు పోతాడు. అనిల్ కుమార్ ఏదో చెప్పబోయాడు, వినకుండా నడిచింది. నెల తిరక్కుండానే అతనికి నాన్నగారు తెలిసిన రొయ్యల మేత డీలరు దగ్గర ఉద్యోగం వేయించారు. ఇంకేం కావాలి. రొయ్యల మీద పాట రాసినవాడు రొయ్యల మేత అమ్ముతున్నాడు. అమ్ముడుపోవడమంటే కళ్ళెదుట అంత స్పష్టంగా ఇంకెక్కడ కనపడుతుంది. ఆ తర్వాత ఎప్పుడో ఒక పెళ్ళిలో కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టాడు, తల తిప్పేసుకుంది. నాన్నగారు పోయినప్పుడు వచ్చి గేటు పక్కన నిలబడ్డాడు, లోపలికి రాలేదు, చేసిన పని మనసులో పొడుస్తోంది కాబోలు అనుకుని అతను వెళ్ళేదాకా వాకిట్లోకి వెళ్ళలేదు.

ఒక్క వాక్యం అది, కారులో రోడ్డు చూస్తూ అన్నది, కానీ దాని తర్వాత మంజుష ఎవరినీ పూర్తిగా నమ్మింది లేదు. ఆడపడుచుకి ఒక సంగతి ఒక రకంగా చెప్పి, తోడికోడలికి అదే సంగతి వేరే రకంగా చెప్పి, ఏది తిరిగి వస్తుందో చూసేది. వంటమనిషి నవ్వితే ఎందుకు నవ్విందో కనుక్కునేది. పెద్దకొడుకు స్కూల్లో స్నేహితుడి గురించి చెప్తే, వాడు నీతో ఎందుకు తిరుగుతున్నాడ్రా అని అడిగింది, వాడికి ఎనిమిదేళ్ళు, తెల్లబోయి చూశాడు. చాలా తెలివైనావిడండి, ఎవరూ మోసం చెయ్యలేరు అని చుట్టాలు మెచ్చుకుంటారు. నాన్నగారు పోయాక చెరువుల్లో సగం ఆమె పేర వచ్చాయి, శ్రీనివాసరాజు తవ్వించే కొత్త చెరువుల కాగితాల మీద సంతకం కూడా ఆమెదే, ఒక్కో కాగితం మూడుసార్లు చదివి పెడుతుంది. అంత చదివే మనిషి, ఆ కొత్త చెరువులు ఏ ఊరి మంచినీళ్ళ చెరువు పక్కన పడుతున్నాయో చదవలేదా. చదివింది. చదివి పెట్టింది.

పంటు బయల్దేరింది. ఇంజను చప్పుడు నీళ్ళ మీద ముందుగా వచ్చింది, తర్వాత మనుషులు కనపడ్డారు. గళ్ళ చొక్కా మనిషి గ్లాసు బల్ల మీద పెట్టి రేవు మెట్ల వైపు నడిచాడు, అతని కోసం ఎవరో ముసలావిడ పంటు మీదనుంచే చెయ్యి ఊపుతోంది, తల్లి కాబోలు. సరే, అతను కాదు. అయితే ఇంకెవరో ఉండాలి. మోటారు సైకిళ్ళు బురబురమంటూ ఒడ్డెక్కాయి, వాటి వెనక కాలేజీ బ్యాగు ముందుకు వేసుకుని చున్నీ తలమీంచి కప్పుకుని ఒక పిల్ల, సన్నగా, చెప్పులు చేత్తో పట్టుకుని బురద దాటి, ఫోను చూసి కార్లు చూసి, నేరుగా వచ్చింది. ఒక్కతే ఉంది. ఒక్కతే ఉన్నట్టు కనపడుతోంది. మంజుష ఆమె వెనక నడిచేవాళ్ళనందర్నీ ఒకసారి చూసి, అప్పుడు తలుపు తీసింది.

"లోపల కూర్చో అమ్మా."

"కాళ్ళు బురదండి."

"పర్లేదు."

ఆ పిల్ల సీటు అంచు మీద కూర్చుంది. ఫోను బయటికి తీయబోతే, అది బ్యాగులో పెట్టేయమంది మంజుష. పెట్టేసింది. బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టి, దాన్ని కొంచెం దూరం కూడా జరిపింది, రికార్డు చేస్తావేమో అని తను అనకుండానే అర్థమైనట్టు. అంత తొందరగా ఎలా అర్థమైంది. ఎవరైనా నేర్పి పంపారా.

"నా దగ్గరికి నిన్నెవరు పంపారు?"

"ఎవరూ పంపలేదండి. నేనే వచ్చాను. పాటలో ఒక చోట మాటలు తెలీటం లేదండి, అవి అడుగుదామని. రెండోసారి ఉప్పు అన్నాక మీరు గట్టిగా అంటారు కదండీ ఒకటి. అది మా అందరికీ తలో రకంగా వినపడుతుంది. మేమైతే మా అమ్మ మెడ ఇరిగిందిరా అని పాడుతున్నామండి. తప్పేమో అని."

మంజుష దీనికి సిద్ధపడి రాలేదు. ఆ పాట నాది కాదు అని చెప్పడానికి సిద్ధపడింది, లాయరు పేరు చెప్పడానికి సిద్ధపడింది. రెండోసారి ఉప్పు అన్నాక. అక్కడ ఏముంది. అనిల్ కుమార్ కాగితం మీద ఏదో ఉంది, రికార్డింగ్ రోజున అది గుర్తు రాలేదు, చైతన్య లాప్‌టాప్ ముందు చెయ్యి తిప్పుతున్నాడు కానీ కానీ అని, ఆగడానికి లేదు, నోటికి వచ్చింది అరిచేసింది.

"అక్కడ మాటల్లేవమ్మా. మర్చిపోయి అరిచాను."

"మాటల్లేవాండి," అంది వెంకటదుర్గ, నమ్మలేనట్టు. "మరి మేం ఇన్నాళ్ళనుంచీ పాడుతున్నదీ?"

"అది మీదే. మీ మాటే ఉంచుకోండి." అని, ఇంక ఆపుకోలేక అడిగింది, "సీడీ ఎవరిచ్చారు? అనిల్ కుమారా?"

"సీడీ ఏంటండి? మాకు రాజు మాస్టారండి. పల్లంరాజు మాస్టారు. ఆర్కెస్ట్రాలో ప్యాడ్ వాయిస్తారు కదండీ. ఏ ఊళ్ళో పెళ్ళికొచ్చినా, జాతరకొచ్చినా మైకు టెస్టింగ్‌కి ముందు ఇదే పెడతారండి. స్పీకర్లు ఆగుతాయో పగుల్తాయో దీంతోనే తెలుస్తుందంటారు. మా చిన్నప్పట్నుంచీ వింటున్నామండి. పెళ్ళి పాటల కంటే ముందు ఇదే వచ్చేసింది మాకు."

మైకు టెస్టింగ్. ఇన్నేళ్ళూ ప్రతి పెళ్ళి పందిట్లో, ముత్తైదువులు ఇంకా రాకముందు, కుర్చీలు సర్దుతుండగా, తన గొంతు. తను వెళ్ళిన ఏ పెళ్ళికైనా కొంచెం ముందు వెళ్ళి ఉంటే విని ఉండేది. ఎప్పుడూ ఆలస్యంగానే వెళ్ళేది, ముందు వెళ్తే అందరితో మాట్లాడాలని. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో తెలియక స్టీరింగ్ పట్టుకుంది. అయినా మనసు అక్కడ ఆగలేదు, పల్లంరాజు ఎందుకు పెట్టాడు, నాలుగు జిల్లాలు వినేలా, ఏం కావాలని.

"మీ నంబరిచ్చింది కూడా మాస్టారేనండి, మీకొకటి చెప్పమన్నారు," అంది ఆ పిల్ల, బ్యాగు జిప్పు లాగుతూ వదులుతూ. "మీరు కోప్పడనంటే చెప్తాను. ఆయనే చెబుదామని, మీ నాన్నగారు పోయాక మీ ఇంటికొచ్చారంటండి. గేటు దగ్గరే లేరని పంపించేశారంట."

వచ్చాడు. వాచ్‌మన్ చెప్పాడు, ఎవరో ఆర్కెస్ట్రా ఆయనండి అని. చందా కోసమో, ఇంకా దేనికోసమో అనుకుని లేనని చెప్పించింది.

"ఫంక్షన్‌కి ముందు వారంలో, సాయంత్రం పూట, మీరు షెడ్డులో పాడుతుంటే డీజిల్ అయిపోయి జనరేటర్ ఆగిపోయిందంటండి. గిటార్లాగిపోయాయంట. మీరూ మాస్టారూ మటుకు ఆపలేదంట, ఒట్టి డ్రమ్సు మీద పాట మొత్తం పాడేశారంట."

గుర్తుంది. ఎందుకు గుర్తుండదు. ఒక్కసారిగా హోరంతా ఆగి, ఏరేటర్లు ఒక్కొక్కటే నిలిచిపోయి, చెరువులన్నీ నిశ్శబ్దమైపోయాయి, చైతన్య మోగని తీగల్ని మీటుతూ నవ్వుతున్నాడు, అనిల్ కుమార్ తలుపుకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు, ప్రతి మాటా విడివిడిగా నీళ్ళ మీద నడిచి వెళ్ళింది. అంత బాగా మళ్ళీ ఎప్పుడూ పాడలేదు.

"డీజిల్ పొయ్యడానికి మాస్టారు బయటికొస్తే గట్టు మీద మీ నాన్నగారు కూర్చుని ఉన్నారంటండి. మొత్తం విన్నారంట. పాట నిజమేనయ్యా, నిజం కాబట్టే ఊళ్ళో వినపడకూడదు, అన్నారంట. నేను విన్నానని అమ్మాయికి తెలియకూడదు, నేను బతికుండగా నీ నోట రాకూడదు అని ఒట్టేయించుకున్నారంట. మాస్టారి నాన్నగారు అప్పుడు మీ చెరువుల మీదే కాపలా అండి. అందుకని."

ఎవరూ చెప్పలేదు.

గోదావరి మీద పంటు మళ్ళీ వెనక్కి తిరుగుతోంది, ఖాళీగా, లావుపాటి తాడు నీళ్ళలో ఈడ్చుకుంటూ. ఎవరూ వచ్చి చెప్పలేదు, ఆయనే విన్నారు, గట్టు మీద కూర్చుని, చివరిదాకా. నేను విన్నానమ్మా అని ఉంటే తను అడిగేది, విన్నారు కదా నాన్నగారూ, మరి, అని. ఆ మరి దగ్గర ఆయనకి జవాబు లేదు. అందుకని ఆ ప్రశ్నని తీసుకెళ్ళి నలుగురి మధ్య పెట్టేశారు, ఇక వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ ఉండిపోతారని. అనిల్‌కి ఉద్యోగం కూడా అందుకే ఇప్పించారా, తను చూసి నమ్మాలని. లేకపోతే విన్న పాటకి ఆయన చేయగలిగింది అదొక్కటేనా. ఆయన్ని అడగడానికి లేదు. ఆ రోజు గేటు పక్కన నిలబడ్డ అనిల్ కుమార్, చేతిలో సంచి, అందులో ఏముందో కూడా తను చూడలేదు. లేదు, ఆగు. ఈ పిల్ల చెప్పింది కాబట్టి ఇదంతా నిజమా. పల్లంరాజు తన తప్పు చనిపోయినవాడి మీద వేయొచ్చు. వేయొచ్చు కానీ, నిజం కాబట్టే ఊళ్ళో వినపడకూడదు అనే మాట పల్లంరాజు పుట్టించగలిగేది కాదు. ఆ మాట తీరు ఆయనది. ఇప్పుడు తన ఇంట్లో నడుస్తున్నదీ ఆ తీరే.

"ఇంకోటండి," అంది వెంకటదుర్గ. "మీకు ముందే చెప్పాలనిపించింది. మా ఊరి మంచినీళ్ళ చెరువు పక్కన తవ్వుతున్నది మీవాళ్ళేనండి. అర్జీలు పెట్టాం, ఎవరూ రాలేదు. ఆదివారం మీ చెరువుల గేటు ముందు కూర్చుని ఈ పాట పాడతామండి. మీ పాట మీ మీదే పాడుతున్నాం, చెప్పకుండా పాడితే బాగోదని."

అయితే ఇది. పొద్దుటి నుంచీ ఎక్కడుందా అని తడుముకున్నది ఇక్కడుంది, ఏ దాపరికం లేకుండా, చున్నీ కొసతో చెమట తుడుచుకుంటూ. బెదిరింపు కాదు. అనుమతి అడగడం కూడా కాదు. ఈ పిల్ల వయసులో తను ఇంత తిన్నగా ఎవరితోనూ మాట్లాడలేదు, అరవడమే తెలుసు. ఇంటికి వెళ్ళి శ్రీనివాసరాజుతో ఒక్క మాట అంటే చాలు, ఆదివారం నాటికి గేటు ముందు పోలీసు జీపు ఉంటుంది, ఈ పిల్లల అమ్మానాన్నల్ని ఎవరో పిలిచి మాట్లాడతారు, మీవాళ్ళలో ఒకరే వచ్చి చెప్పారమ్మా అని ఎవరో ఈ పిల్లతో అంటారు, ఆ మాట నిజం కాకపోయినా సరిపోతుంది. ఎంత తేలికో మంజుషకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"ఆదివారం వద్దు," అంది.

ఆ పిల్ల మొహం బిగుసుకుంది. "వద్దంటే మానమండి."

"మానెయ్యమనలేదు. ఆదివారం అక్కడ ఎవరూ ఉండరు. వాచ్‌మన్ ఉంటాడు, కుక్కలుంటాయి, వాటికి పాడతారా. మంగళవారం పట్టుబడి ఉంది. పెద్ద చెరువు రొయ్యలన్నీ ఆ రోజే పడతారు. కంపెనీ వాళ్ళు వస్తారు, లారీలొస్తాయి, చుట్టుపక్కల రైతులంతా ఉంటారు. శ్రీనివాసరాజు గారు కూడా ఉంటారు. ఆ రోజు ఎవరూ లేచి వెళ్ళిపోడానికి కుదరదు, రొయ్య ఎండకి ఆగదు. మొత్తం వినాల్సిందే."

వెంకటదుర్గ కళ్ళు సన్నగా చేసి ఆమెని చూసింది, మొహం మీద ఏదో రాసి ఉంటే చదువుతున్నట్టు, పైనుంచి కిందికి, మళ్ళీ పైకి. మంజుష ఆ చూపుని గుర్తుపట్టింది. అద్దంలో రోజూ చూసేదే.

"మీకేంటండి ఇందులో?" అంది ఆ పిల్ల. "ఆ రోజు పోలీసుల్ని ముందే పెట్టించి మమ్మల్ని పట్టిస్తారా?"

కాదని ఎలా చెప్పాలి. ఒట్టు వేస్తే ఇంకా అనుమానం వస్తుంది, తనకైతే వస్తుంది. పాట పాడినదాన్ని కదా అంటే, కాగితాల మీద సంతకాలు పెట్టినదానివి కూడా అని ఈ పిల్ల అనొచ్చు, అంటే అది నిజం. నమ్మించడానికి పనికొచ్చేది తన దగ్గర ఒక్కటి కూడా లేదు.

"నమ్మొద్దులే," అంది చివరికి. "మీవాళ్ళందరితో కూర్చుని మాట్లాడుకోండి. నేను చెప్పానని కూడా చెప్పండి, దాచొద్దు. నమ్మడానికి లేదనుకుంటే ఆదివారమే పాడుకోండి. కానీ మీలో మీరు మటుకు..." అని ఆగిపోయింది.

వెంకటదుర్గ బ్యాగు భుజాన వేసుకుని దిగింది. చెప్పులు నేలమీద పడేసి కాళ్ళు దూర్చుకుంది. మొగల్తూరు బస్సు రోడ్డు మీద హారన్ కొడుతోంది. నాలుగడుగులు వేసి, నిలబడి, ఆలోచించుకుని, వెనక్కి వచ్చి కిటికీ మీద చెయ్యి ఆనించింది.

"మంగళవారం ఎన్నింటికండి?"

"తెల్లారేసరికి వలలు దింపుతారు. లారీలు ఏడింటికి."

"వస్తామో రామో ఇప్పుడే చెప్పలేనండి."

"చెప్పకు," అంది మంజుష. "నాక్కూడా చెప్పకు."

ఆ పిల్ల తలూపి, బస్సు కదిలేలోపు ఎక్కాలని చున్నీ సర్దుకుంటూ పరిగెత్తింది.